చిలికా కలుపు – సర్కారు సొమ్ము

బరంపురం నుండి ఖుర్దారోడ్డు వైపు రైలులో ప్రయాణం చేసిన మనవారికి చిలికా సరస్సు కొత్త కాదు. రంభ దగ్గరపడినది మొదలు బాలుగాం దాటేవరకు కుడివైపు కిటికీకోసం పిల్లలు పోట్లాడుకుంటారు. కాళీజాయి దర్శనానికి పడవ యెక్కని తెలుగు కుటుంబం గంజాం జిల్లాలో అరుదు. ఐతే ఆ నీటిని చూచి ఆనందించే మనలో, ఆ నీటిని కలుపు కమ్మకుండా కాపాడుటకు ప్రభుత్వపు సొమ్ము యెట్లు వస్తున్నది, యెట్లు ఖర్చవుతున్నది, యే నెలలో చేతికి అందితే ఫలితం వుంటుంది అని ఆలోచించినవారు తక్కువ. చదువరులకు ఆ సంగతి నాలుగు మాటలలో చెప్పవలెనని మా వుద్దేశం.

ఉప్పు, మంచినీటి పొత్తు

చిలికాను సరస్సు అంటున్నామే గాని అది పూర్తిగా మంచినీటి చెరువు కాదు, పూర్తిగా సముద్రమూ కాదు. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలలో పరచుకొని, సముద్రానికీ తనకూ మధ్య సన్నని యిసుకకట్టను అడ్డం పెట్టుకొని వున్నది. వేసవిలో దీని విస్తీర్ణం సుమారు 900 చదరపు కిలోమీటర్లు. వానకాలంలో 1,100 దాటుతుంది. ఉత్తరం నుండి మహానది పాయలైన దయా, భార్గవీ నదులు మంచినీటినీ, దానితోపాటు ఒండ్రునూ తెచ్చి పోస్తాయి. తూర్పున యిసుకకట్టలోని మొగ గుండా పోటునీరు వుప్పును తెచ్చి కలుపుతుంది. యీ రెండింటి పొత్తు సరిగా వున్నంతకాలం చేప, రొయ్య, పీత మూడూ సమృద్ధే. పొత్తు చెడితే ముందుగా బయటపడేది కలుపు.

ఒడియాలో నీటికలుపును ‘దళ’ అంటారు. చిలికా ఉత్తరపు తంపరలలో ముఖ్యంగా చెప్పుకోవలసినవి రెండు. మొదటిది గుర్రపుడెక్క. తమిళులు దీనిని ఆకాయ తామరై అనీ, మహారాష్ట్రులు జలపర్ణి అనీ, బంగాళీలు కచూరిపానా అనీ అంటారు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఊదారంగు పూవు అందానికి ముచ్చటపడి ఎవరో మన దేశానికి తెచ్చినారు. పందొమ్మిదవ శతాబ్దం చివరినాటికి బంగాళాదేశపు కాలువలలో చేరి, తరువాత దేశమంతా అల్లుకొన్నది. రెండవది కిక్కిస. కొల్లేటి ప్రాంతంలో చుట్టాలున్నవారికి యీ పేరు బాగా తెలుసు. ఇది మనిషిని మించి పెరిగే రెల్లు జాతి గడ్డి. ఇది పరదేశి కాదు, యీ నేలదే. చిలికా నడుమ పక్షులు విడిదిచేసే నలబణ అనే దీవికి ఆ పేరు వచ్చినది కూడా యీ ‘నల’ అనే గడ్డిని బట్టియే. ఐతే నీరు తియ్యబడి, మట్టి మేటవేస్తే, యింటివాడే ఆక్రమణదారుడైనట్లు యీ కిక్కిస కూడా నీటిని కబళిస్తూ పోతుంది.

గుర్రపుడెక్కకు వుప్పు సరిపడదు. పోటునీరు ధారాళంగా వచ్చినన్నాళ్లు, సముద్రమే చిలికాకు కలుపు తీసిపెట్టేది. ఆ కూలీకి కూలి యివ్వనక్కరలేదు. దారి మాత్రం యివ్వవలెను. ఆ దారియే మూసుకొనిపోయినది. ఇసుక కొట్టుకొనివచ్చి మొగ ఉత్తరానికి జరిగిపోయినది. సరస్సును సముద్రంతో కలిపే కాలువ యిరవై కిలోమీటర్లకు పైగా సాగి, పూడుకొన్నది. దీనికి తోడు రొయ్యల పెంపకానికి వేసిన గట్లు, వలకట్లు నీటి నడకకు అడ్డుపడినవి. ఉప్పు తగ్గినది, ఉత్తర భాగంలో దళ పెరిగినది. పడవ కదలదు, వల పడదు. చేపపిల్ల సముద్రం నుండి లోపలికి రాదు. 1999-2000లో చిలికా మొత్తం మీద దొరికిన చేప, రొయ్య, పీత కలిసి సుమారు 1,750 టన్నులు మాత్రమే.

సొమ్ము వచ్చిన విధము

చిలికాకు అంతర్జాతీయ గౌరవం ముందే వున్నది. ఇరాన్ దేశపు రామ్‌సార్ పట్టణంలో 1971లో జరిగిన ఒడంబడిక ప్రకారం, 1981లో మన దేశం నుండి ఆ జాబితాకెక్కిన మొదటి రెండు తావులలో చిలికా వొకటి. అదే చిలికాను 1993లో, ప్రమాదంలో పడిన తావుల పట్టికలో చేర్చినారు. ఊరిలో పెద్దమనిషి పేరు బాకీదారుల జాబితాలో పడినట్లయినది.

అంతకు కొంచెం ముందే, 1991లో, నాటి ఒరిస్సా ప్రభుత్వం చిలికా అభివృద్ధి ప్రాధికార సంస్థను నెలకొల్పినది. అడవులది వొక శాఖ, చేపలది వొక శాఖ, నదులది వొక శాఖ, భూమిది వొక శాఖ అయినప్పుడు కలుపు యెవరిది? నలుగురి చెరువుకు నాథుడు లేడు. యీ శాఖలన్నిటినీ వొక సంస్థ గొడుగు క్రిందికి తెచ్చుట మొదటి మంచిపని.

రెండవది సొమ్ము. మన రాజ్యాంగం 280వ అధికరణం ప్రకారం అయిదేళ్లకొకసారి ఆర్థిక సంఘం యేర్పడి, కేంద్రం రాష్ట్రాలకు యెంత పంచవలెనో సిఫారసు చేస్తుంది. ఏదైనా రాష్ట్రానికి ప్రత్యేకమైన చిక్కు వుంటే దానికి విడిగా గ్రాంటు యిమ్మని చెప్పుట కూడా కలదు. 1995 నుండి అయిదేళ్లకు పదవ సంఘం, 2000 నుండి అయిదేళ్లకు పదకొండవ సంఘం చేసిన సిఫారసుల మీద చిలికాకు మొత్తం 57 కోట్ల రూపాయల మేర లభించినది. ఇది యీ యేడు ఇచ్చి వచ్చే యేడు మరచే సొమ్ము కాదు. పేరుపెట్టి, అయిదేళ్ల లెక్కన ముందే నిర్ణయించిన సొమ్ము. మా దృష్టిలో చిలికా కథకు యిదియే ఆయువుపట్టు.

మూడవది, ఆ సొమ్మును దేనికి పెట్టినారన్నది. ఉన్న దళనంతా కూలీలను పెట్టి పీకించినట్లయితే ఫొటోలకు బాగుండేది, పై వానకాలానికి మళ్లీ మొలిచేది. అట్లు చేయక, మహారాష్ట్రలోని పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో వున్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం చేత నీటి నడకను లెక్క వేయించినారు. ఆ లెక్క ప్రకారం సాతపడా సమీపాన యిసుకకట్టను త్రవ్వి, 2000 సెప్టెంబరు 23న కొత్త మొగ తెరచినారు. దానితో పోటునీరు నడవవలసిన దూరం సుమారు 18 కిలోమీటర్లు తగ్గినది.

ఫలితం త్వరలోనే కనబడినది. ఉప్పు లోపలికి వచ్చినది. గుర్రపుడెక్క చాలవరకు వెనుకకు తగ్గినది. 2001-02లో చేప, రొయ్య, పీతల దిగుబడి పన్నెండువేల టన్నులకు దగ్గరపడినది; రెండేళ్లలో ఆరు రెట్లకు మించి పెరిగినది. 2002లో చిలికా పేరును ప్రమాదపు పట్టిక నుండి తీసివేసినారు. ఆసియా ఖండంలో అట్లు బయటపడిన మొదటి తావు చిలికాయే. ఆ యేడే రామ్‌సార్ వారి బహుమతి కూడా వచ్చినది.

ఉప్పు తీయలేని కలుపు

ఇంతటితో కథ సుఖాంతమని లేచిపోవుటకు వీలులేదు. ఉప్పు చంపినది గుర్రపుడెక్కను. కిక్కిస మొండిది. కొంత వుప్పును తట్టుకొంటుంది. నేలలోపల దుంపవేళ్లు పాకించి, పైన కోసినా లోపలనుండి చిగిర్చి వస్తుంది. ఉత్తరాన నదులు మట్టి తెచ్చి మేటవేసేకొద్దీ దానికి కొత్త నేల దొరుకుతూనే వుంటుంది. పైగా మొగ కూడా వొకచోట నిలిచేది కాదు. 2019 మే నెలలో ఫణి తుఫాను యిసుకకట్టను కొత్తచోట్ల కోసిపెట్టినది. అంటే, ఒకసారి డబ్బు పెట్టి తలుపు తెరచినాము, యిక తాళంచెవి పారవేయవచ్చును అనుకొనుట కుదరదు.

అట్లని కిక్కిసను వేళ్లతో సహా పెరికివేయమని మేము అనము. మంగళాజోడి వంటి తంపరలలో వలసపక్షులు దాగేది, గూళ్లు పెట్టేది యీ గడ్డిలోనే. చేపలు పట్టి తినే నీటిపిల్లి అనే అరుదైన జంతువు కూడా యిందులోనే కాపురముంటుంది. 2022లో లెక్కించగా చిలికాలోనూ చుట్టుపక్కలా 176 వున్నట్లు తేలినది. నది తెచ్చే మట్టిని కొంత వడగట్టేది కూడా యీ గడ్డియే. కాబట్టి కావలసినది నిర్మూలం కాదు, అదుపు. పడవల దారులు, చేప తిరిగే కాలువలు, నీరు పారే పల్లాలు తెరచివుంచవలెను. పక్షులుండే పొదలను వదలవలెను. ఈ రకపు పని ఒకేసారి యంత్రం దింపి తేల్చేది కాదు. ఏటేటా, చూచి చూచి చేయవలసిన పని.

ఏటేటా చేయవలసిన పనికి ఏటేటా సొమ్ము కావలెను. చిక్కంతా యిక్కడనే వున్నది.

మార్చి నెల, వానకాలం

మావంటి గుమాస్తాలకు మార్చి నెల అంటే యేమిటో వేరే చెప్పనక్కరలేదు. ఏ ప్రభుత్వపు పనియైనా సామాన్యంగా యిట్లు సాగుతుంది. ఏప్రిల్‌లో కొత్త బడ్జెటు వస్తుంది. అంచనాలు వ్రాసి పంపేసరికి వానలు పడతాయి. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, దాని మీద ఆక్షేపణ, మళ్లీ టెండరు. యివి ముగిసి కాగితం క్రిందికి దిగేసరికి సంక్రాంతి దాటుతుంది. మార్చి 31లోగా ఖర్చు చేయని పైకం తిరిగిపోతుంది. కాబట్టి అందరూ మార్చిలోనే పరుగెత్తుతారు.

కలుపుకు యీ కాలెండరు తెలియదు. కిక్కిసవంటి గడ్డిని వేసవి చివర, నీరు అట్టడుగున వున్నప్పుడు మట్టిదాకా కోసి, వెంటనే వచ్చే వరదనీరు ఆ మోళ్లను ముంచితే, బోలు కాడల గుండా వేళ్లకు గాలి అందక మొక్క నీరసిస్తుంది. అంటే చేయవలసినది మే, జూన్ మాసాలలో. అప్పటికి పాత సంవత్సరపు సొమ్ము తిరిగిపోయి వుంటుంది, కొత్త సంవత్సరపు సొమ్ము యింకా బల్లల మీద వుంటుంది. ఇందులో ఏ వొక్కరి తప్పూ లేదు. అందరూ నిబంధన ప్రకారమే నడిచినారు. లాభపడినది మాత్రం కిక్కిస.

గుర్రపుడెక్క సంగతి చిన్న లెక్కతో చూపుతాము. ఎండ, వెచ్చని నీరు, పొలాలనుండి జారిన యెరువు అన్నీ అనుకూలిస్తే అది రెండు వారాలలో రెట్టింపు కాగలదు. వంద యెకరాలలో తొంభైతొమ్మిది తీసి, పైకం చాలలేదని వొక్క యెకరం వదిలినారనుకొనండి. పక్షానికి రెండు, నెలకు నాలుగు, రెండు నెలలకు పదహారు, మూడు నెలలకు అరవైనాలుగు యెకరాలు. తొంభైతొమ్మిది యెకరాలకు పెట్టిన సొమ్ము నీళ్లపాలు. దాని గింజలు బురదలో పదిహేను, యిరవై యేళ్లు కూడా చావక వుండగలవు. మరియొక మాట: తీసిన దళను గట్టుమీదనే కుప్పవేసి పోతే, మొదటి వానకు సగం మళ్లీ నీటిలోకి జారుతుంది. తీసే కూలితోపాటు మోసే కూలి, యెరువు చేసే కూలి కూడా అంచనాలో వుండవలెను.

ఇతరుల అనుభవం

చట్టం వొక్కటే చాలునా అంటే, బెంగాలును చూడండి. 1921లో జగదీశ్ చంద్ర బోసు గారి అధ్యక్షతన గుర్రపుడెక్క విషయమై సంఘం వేసినారు. 1936లో ఏకంగా గుర్రపుడెక్క చట్టమే చేసినారు. చట్టం వచ్చినది గాని డెక్క పోలేదు. పురుగులతో పని చేయించుట వొక మార్గం. గుర్రపుడెక్కనే తినే ముక్కుపురుగులను విదేశాలనుండి తెప్పించి, 1980ల తొలినాళ్లలో బెంగుళూరులో పరీక్షించి వదిలినారు. ఖర్చు తక్కువ, మేలు నిజమే. ఐతే అవి పని చేయుటకు కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లు ఓపికపట్టే పద్దు కావలెను.

ఇక సముద్రపు వుప్పుకు కూడా లొంగని కలుపు వస్తే యేమి చేస్తారు? దానికి అమెరికా పడమటి తీరం వొక నిదర్శనం. వాషింగ్టన్ రాష్ట్రంలో విల్లాపా అఖాతమని వున్నది. ఆల్చిప్పల పెంపకానికి పేరుపొందినది. పందొమ్మిదవ శతాబ్దం చివర తూర్పుతీరం నుండి తెచ్చిన ఆల్చిప్పలతోపాటు స్పార్టినా అనే వుప్పుగడ్డి అక్కడ చేరినది. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. మొక్కై వంగనిది మానై వంగునా? 1995లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసినప్పటికీ గడ్డి పెరుగుతూనే పోయి, 2003 నాటికి సుమారు 8,500 యెకరాలు ఆక్రమించినది. అప్పుడు రాష్ట్రమూ, కేంద్రమూ కలిసి యేటేటా తప్పక సొమ్ము యిచ్చి, బురదలో నడిచే యంత్రాలతో, మందులతో వెంటబడినవి. సుమారు పదేళ్లలో వేల యెకరాలు కొద్దిపాటికి దిగివచ్చినవి. అక్కడ మందు కొట్టినారని మన చిలికాలోనూ కొట్టమని మేము చెప్పుట లేదు. వారి నుండి నేర్వదగినది వేరు: గడ్డి పోయిన తరువాత కూడా మనుష్యులు యేటేటా బురదలో తిరిగి, మిగిలిన దుబ్బులను వెదకుతూనే వుంటారు. కనబడని శత్రువుకోసం సొమ్ము కేటాయించుట యే ప్రభుత్వానికైనా కష్టమే. ఆ కష్టం పడినవారే గెలిచినారు.

తమిళనాటి మన చదువరులకు సీమ కరువేలం గోడు చెప్పనక్కరలేదు. మనం దానిని సర్కారు తుమ్మ అంటాము. 1870లలో వంటచెరకు కొరతకని నాటి మద్రాసు ప్రభుత్వపు అటవీశాఖ విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించినది. సర్కారు నాటినది గనుక సర్కారు తుమ్మ. నేడు అది కోడిక్కరై వుప్పుతంపరల అంచులలో కృష్ణజింకల బీళ్లను కమ్ముతుంటే, సర్కారే సొమ్ము పెట్టి తీయించవలసి వచ్చినది. ఇట్టి మొక్కల విషయమై తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రత్యేక విధానమే ప్రకటించినది. నాటుటకు ఎంత పట్టినదో గాని, తీయుటకు తరాలు పడుతున్నది.

కలుపుకు యింత సొమ్మా?

కొందరు అడుగుతారు: ఆసుపత్రులకు, బడులకు చాలక యేడుస్తుంటే గడ్డి పీకుటకు కోట్లా అని. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చేపల తూకంలో వున్నది. చిలికా చుట్టూ నూటముప్పైకి పైగా జాలరి గ్రామాలు కలవు. ఆ నీటి మీద బ్రతికేవారు లక్షన్నరకు తక్కువ కాదు. వారిలో కేవుటలు, కండరాలు, తియరలతోపాటు మొగ దగ్గర వేటాడే నోలియాలు వున్నారు. నోలియాలంటే ఎవరో కాదు, తరాలనాడు తెలుగు తీరం నుండి వెళ్లి స్థిరపడిన మనవారే. యింట్లో తెలుగు, వీధిలో ఒడియా. మన కథే వారి కథ. వల నిండితే వారి పిల్లవాడు బడికి వెళతాడు. వల ఖాళీ అయితే సూరతుకో చెన్నపట్నానికో కూలికి వెళతాడు. నీటిదారి మూసుకొంటే, బడి తెరచినా పిల్లవాడు వుండడు.

కేంద్రప్రభుత్వం 2013లో సరస్సుల పథకాన్నీ, తంపరల పథకాన్నీ కలిపి వొకటిగా చేసినది. దాని క్రింద కలుపు తీయుటకు కూడా సొమ్ము అడుగవచ్చును. సామాన్య రాష్ట్రాలకు నూటికి అరవై కేంద్రం, నలభై రాష్ట్రం భరించవలెను. రాష్ట్రపు నలభై ఆలస్యమైతే కేంద్రపు అరవై కూడా కాగితం మీదనే వుంటుంది. కాబట్టి మేము కోరేది పెద్ద మొత్తం కాదు. కొత్త మొగ త్రవ్వినప్పటివలె అయిదేళ్లకు పద్దు ముందుగా కట్టండి. అందులో ఏటా వొక చిన్న భాగం, మార్చితో తిరిగిపోకుండా, మే జూన్ మాసాలలో ఖర్చు చేయుటకు విడిగా నిలుపండి. కోసే పని ఆ గ్రామాలవారికే కూలికి యివ్వండి. ఏ కాలువ తెరవవలెనో, ఏ పొద వుంచవలెనో వారికి తెలిసినంత టెండరుదారుకు తెలియదు.

మనము చేయగలిగినది కూడా కొంత వున్నది. పూవు బాగున్నదని గుర్రపుడెక్కను తొట్టిలో పెంచి, విసుగుపుట్టి చెరువులో పారవేయకుండుట మొదటిది. రెండవది, అడుగుట. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయల రుసుముతో ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చును. అది చిలికాకే పరిమితం కాదు; మీ వూరి చెరువుకైనా, పులికాటుకైనా, యానాం దగ్గరి మడ అడవికైనా వర్తిస్తుంది. కలుపు పద్దు క్రింద ఎంత మంజూరైనది, ఎంత ఖర్చయినది అని అడుగుతారు, మంచిదే. దానితోపాటు ఏ నెలలో మంజూరైనది, ఏ నెలలో పని జరిగినది, తీసిన దళను ఎక్కడ వేసినారు అని కూడా అడుగండి. ఆ మూడు జవాబులు చూస్తే, సొమ్ము కలుపు తీయుటకు పోయినదో, కలుపును పెంచుటకు పోయినదో యిట్టే తెలిసిపోతుంది.